రెండో పియానో దగ్గర మా మేనత్త

మా మేనత్త పోయిందని మొన్న మంగళవారం పొద్దున మద్రాసు చింతాద్రిపేట నుంచి మా తమ్ముడి భార్య ఫోను చేసింది. "వదినా, పెద్దత్త పోయిందండీ. కాఫీ అడిగింది, కలిపి తెచ్చేలోపలే అయిపోయింది" అంది. తొంభై దాటిన మనిషి. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. అదృష్టవంతురాలన్నారు అందరూ. నిజమే. నాకు సంగీతం నేర్పినవాళ్లు చాలామందే ఉన్నారు. నన్ను నడిసభలో వదిలేసినది మాత్రం ఆవిడ ఒక్కతే. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది పక్కవాద్యాల ఇల్లు. తాతది ఫిడేలు, నాన్నదీ ఫిడేలే. కచేరీలో పాడేవాడి పక్కన కూర్చుని, ఆయన ఎటు పోతే అటు పోవడం మావాళ్ల పని. పాడేవాడు తాళం తప్పాడా, ఫిడేలు కూడా ఓ అడుగు పక్కకు వేసి, అది తప్పని ఎవరికీ తెలియకుండా చూడాలి. "పాడేవాడు గోతిలో దూకితే మనమూ దూకాల. ఇద్దరూ కలిసి లేస్తే అది గొయ్యని ఎవుడికి తెలుస్తాది?" అనేవాడు తాత. మా ఇంట్లో అది వేదవాక్కు.

అటువంటి ఇంట్లోకి పియానో తెచ్చిపెట్టింది మా మేనత్త. నాన్నకు అక్క. కాన్వెంటులో చదువుకుంటూ సిస్టర్ల దగ్గర పియానో నేర్చుకుని, రాయపురంలో ఒక ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "టయిమేదమ్మా?" అనేది. స్వాతంత్ర్యం వచ్చాక దొరలు సామాన్లు అమ్ముకుని ఓడలెక్కుతున్న రోజుల్లో ఎవరో ఒక దొర వదిలించుకున్న పియానోను ఎద్దుబండి మీద వేయించుకుని వచ్చింది. మా ముందుగదిలో మనుషులు కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది.

కూవం ఏటి పక్కనే ఇల్లు. వానాకాలం వచ్చిందంటే పియానోలో చెక్క ఉబ్బి, నొక్కిన మెట్టు నొక్కినట్టే ఉండిపోయేది. అందుకని మా అత్త దాని కడుపులో ఒక కరెంటు బల్బు వేలాడదీసి, సాయంకాలం కాగానే వెలిగించేది. ఎదురింటావిడ అది చూసి, "లోపల ఏ దేవుణ్ని పెట్టుండావమ్మా?" అని అడిగితే, "చెమ్మదేవుడు" అంది. ఆవిడ నిజమేననుకుని చెంపలు వేసుకుంది.

నాకు శనివారం శనివారం వేపేరిలో పాఠం. టీచరమ్మ ఆంగ్లో ఇండియన్. గోళ్లు మెట్లకు తగిలి టకటకమంటే పాఠం మధ్యలోనే ఇంటికి పొమ్మనేది. అందుకని మా అత్త శుక్రవారం సాయంత్రం నన్ను వాకిట్లో కూర్చోబెట్టి గోళ్లు తీసేది. మా నాన్నమ్మ లబోదిబోమనేది. "శుక్రవారం పూట గోళ్లేందే? లక్ష్మి నిలుస్తుందా ఇంట్లో?" అని. "ఆమె పోతే రేపు మళ్లీ వస్తాది. టీచరమ్మ దగ్గర పోయిన మానం రాదు" అని మా అత్త కత్తిరిస్తూనే ఉండేది. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. దాన్ని అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకు మార్చిందంటే కోపం వస్తోందని గుర్తు.

ఆ రోజుల్లో వేపేరి, ఎగ్మూరు వైపు చిన్నపిల్లల చేత పెద్ద పెద్ద కాన్చెర్టోలు వాయించే వేడుక ఒకటి ఉండేది. కాన్చెర్టో అంటే పియానో ఒక పక్క, ఆర్కెస్ట్రా మొత్తం ఒక పక్క. రెండూ ఒకదానితో ఒకటి వాదించుకుంటాయి, రాజీపడతాయి. మద్రాసులో అంత ఆర్కెస్ట్రా ఎక్కడిది? దాని పాత్రంతా రెండో పియానో మీద ఇంకొకరు వాయించేవాళ్లు. నా రెండో పియానో మా మేనత్త. ఇంట్లో ఉన్నది ఒక్క పియానోయే కాబట్టి, నాటకాలవాళ్ల దగ్గర కొన్న కాలితో తొక్కే హార్మోనియం ముందు తను కూర్చునేది. తొక్కినప్పుడల్లా అది కీచుమనేది. ఆ కీచుకీచుల మధ్య నేను పదకొండేళ్లకు డి మైనర్‌లో ఒక కాన్చెర్టో మొత్తం పుస్తకం చూడకుండా వాయించేదాన్ని. ఒక్క తప్పు కూడా లేకుండా వాయిస్తున్నానని నా ఉద్దేశం. ఇంట్లోవాళ్ల ఉద్దేశం కూడా అదే. ఫిడేలు పక్కన పెట్టి నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి వినేవాడు.

బొంబాయి నుంచి, ఆర్కెస్ట్రాను చేతితో నడిపించే కండక్టరు ఒకడు వస్తున్నాడని, పిల్లల చేత వాయింపజేసుకుని విని, ఒకరిని అక్కడి నిజమైన ఆర్కెస్ట్రాతో వాయించడానికి తీసుకుపోతాడని కబురొచ్చింది. ఇక మా నాన్న కాలు నేల మీద నిలవలేదు. సరిగ్గా అప్పుడే టీచరమ్మ ఒక శనివారం, "ఇవాళ రెండో పియానో నేను వాయిస్తాను" అంది. మొదలుపెట్టిన కాసేపటికే అంతా కలగాపులగమైపోయింది. నేనొక చోట, ఆవిడ ఒక చోట. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అదే గతి. ఆవిడ చేతులు ఆపేసి, ఓ మూల కూర్చున్న మా అత్త వైపు తిరిగింది. ఆ ఇంగ్లీషులో సగమే నాకర్థమైంది కానీ, అర్థమైన సగం చాలు. పిల్ల తడబడ్డ ప్రతిచోటా మీరు సర్దుకుంటూ వస్తున్నారు, తను తప్పుతోందని తనకే తెలియదు, ఆర్కెస్ట్రా ఎవరికోసమూ ఆగదు, దీన్ని పాడుచేసింది మీరే అంది.

ఇంటికి వచ్చేదాకా మా అత్త నోట్లో లవంగం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

మర్నాటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. నేను తప్పితే హార్మోనియం నా వెంట వచ్చేది కాదు, దాని దారిన అది పోయేది. నేను ఏడుపు మొహం పెడితే, "ముఖం నాకెందుకే? చేతులు చూపించు" అనేది. లోపలి గదిలోంచి నాన్న అరిచేవాడు.

"అక్కా, పిల్ల పడిపోతా ఉంటే వినపడలా? పట్టుకోకూడదా?"

"నేను పట్టుకోబట్టే ఇంత దూరం వచ్చిందిరా."

"మన ఇంట్లో పుట్టి మాట్లాడే మాటేనా ఇది?"

తప్పంతా ఒక్కచోటే. ఆ కాన్చెర్టో మొదటి భాగంలో ఒక వరస రెండుసార్లు వస్తుంది. మొదటిసారి చివర పైకి వెళ్తుంది, రెండోసారి కిందికి దిగుతుంది. అంతే తేడా. రెండోసారి కూడా పైకి వెళ్లామా, వచ్చిన దారిలోనే మళ్లీ పడతాం. వేళ్లకు ఆ పైదారి అలవాటైపోయింది. దిగాలి, దిగాలి అనుకుంటూనే ఎక్కేసేదాన్ని. రాత్రి అన్నం తింటూ కూడా కంచం అంచు మీద ఆ వరసే వాయించుకునేదాన్ని.

కచేరీ నాడు బయలుదేరే ముందు నాన్న మా అత్తను గుమ్మంలో ఆపాడు. "ఇంట్లో నీ ఇష్టం వచ్చినట్టు చేసినావు, ఎట్లనో ఓర్చుకున్నా. ఆడ సభలో మాత్రం పిల్లను వదలొద్దక్కా. చెయ్యెత్తి దండం పెడతా" అన్నాడు. మా అత్త నా పావడా అంచు పియానో పెడల్లో చిక్కుకోకుండా వంగి పిన్నీసు పెడుతోంది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని నాన్న అనుకున్నాడు. నేనూ అలాగే అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

ఎగ్మూరులో హాలు. వాయిద్యం వినబడాలని ఫ్యాన్లు ఆపేశారు. లోపల ఉక్క. ముందు వేపేరి కుర్రాడొకడు వాయించాడు. నా ఈడువాడే, టీచరమ్మ శిష్యుడే. రెండో పియానో మీద టీచరమ్మ కూర్చుంది. వాడు వాయిస్తుంటే ఒక్క మెట్టు కూడా పక్కకు పోలేదు. తర్వాత మేము వెళ్లాం. ఎదురెదురుగా రెండు పియానోలు. మా అత్త పుస్తకం సర్దుకుని, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది. నా వంతు వచ్చేదాకా పావడా మీద వేళ్లతో తాళం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. సరిగ్గా అందుకున్నాను. బాగానే పోతోంది. మొదటిసారి ఆ వరస వచ్చింది, పైకి వెళ్లాను, బాగుంది. రెండోసారి అది దూరంగా వస్తుండగానే లోపల అనుకోవడం మొదలుపెట్టాను. దిగాలి, దిగాలి.

ఎక్కేశాను.

రెండు పియానోలూ ఒకదాన్నొకటి ఢీకొట్టినట్టయింది. అలవాటు కొద్దీ మా అత్త వస్తుందని చూశాను. ఇప్పుడు వస్తుంది, ఇదిగో వస్తుంది. రాలేదు. నా చేతులు ఆగిపోయాయి. తెలియనివాళ్లకు కూడా తెలిసిపోయేంతగా ఆగిపోయాయి. మా అత్త మాత్రం ఆగలేదు. పుస్తకంలోంచి కళ్లు ఎత్తకుండా, అంతమంది ముందు, నేను లేని కాన్చెర్టోను వాయించుకుంటూ పోతోంది. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడటం నాకు కనిపించింది. అమ్మో, నన్ను వదిలేసింది అనుకున్నాను. ఆ భయం ఎలాంటిదో ఇప్పటికీ చెప్పలేను.

చేసేదేమీ లేక విన్నాను. అదొక్కటే చేశాను. ఏడాదిగా ఆ కీచుమనే హార్మోనియం నా వెనకాల ఏం వాయిస్తోందో నేనెప్పుడూ చెవిపెట్టి వినలేదని అప్పుడు తెలిసింది. కింద ఎడమచేతిలో ఒక వరస నడుస్తోంది. దాన్ని ఆవిడ కాస్త గట్టిగా వాయించిందో, నాకే అలా వినబడిందో దేవుడికి తెలియాలి. ఆ వరసను పట్టుకుని లెక్కపెట్టాను. ఇక్కడ నేనుండాలి అనిపించినచోట చేతులు వేశాను. కుదిరింది. ఆ తర్వాత ఏం వాయించానో నాకు గుర్తు లేదు. చివర్లో ఆర్కెస్ట్రా అంతా ఆగిపోయి, పియానో ఒక్కటే వాయించుకునే చోటొకటి వస్తుంది. అక్కడికి రాగానే మా అత్త చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ సాయంత్రం మొదటిసారి నా వైపు చూసింది.

తెర వెనక నాన్న ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. "చంపేసినావు గదక్కా పిల్లని! శత్రువుకైనా చేస్తారా ఇట్ల?"

"బొంబాయిలో నేనుండను గదరా" అంది మా అత్త.

ఆ ఏడాది బొంబాయికి వేపేరి కుర్రాడు వెళ్లాడు. నా గురించి అడిగితే, పిల్ల ఆగింది, కానీ దారి పట్టుకుంది, వచ్చే ఏడాది మళ్లీ వింటానని కండక్టరు చెప్పాడట. నాన్నకు అది ఎక్కలేదు. అక్కతో మాటలు మానేశాడు. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో, ఒకే కూజాలో నీళ్లు తాగుతూ. "మీ అత్తనడుగు, కాగితాలు ఏడ పెట్టిందో" అని నాతో అనేవాడు, ఆవిడ పక్కనే నిలబడి ఉన్నా సరే. "ఆడనే అల్మారాలో ఉండాయని చెప్పు" అని ఆవిడ నాతోనే అనేది. మధ్యలో నేను నలిగిపోయాను. నాకూ కొన్నాళ్లు కోపమే. అయినా సాయంత్రం కాగానే హార్మోనియం కీచుమనేది, నేను వెళ్లి కూర్చునేదాన్ని. తప్పితే ఆపేదాన్ని కాదు, వినేదాన్ని. లోపలి గదిలోంచి నాన్న అరుపులు లేవు. ఆ నిశ్శబ్దానికి మా అత్త సగమైపోయింది. పండగపూట కూడా ఆవిడ వడ్డిస్తే నాన్న తలెత్తేవాడు కాదు. "పోయి మాట్లాడరాదా అత్తా" అంటే, "వాడు మాట్లాడాల. నేను చేసింది తప్పు కాదే" అనేది. అని లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకునేది.

మరుసటి ఏడాది కండక్టరు మళ్లీ వచ్చి విన్నాడు, ఈసారి నన్ను రమ్మన్నాడు. నాన్న తీసుకువెళ్లాడు. మా అత్తకు బడికి సెలవు దొరకలేదు. దొరికినా వచ్చేది కాదని నా నమ్మకం. బొంబాయిలో అంత ఆర్కెస్ట్రాను చూసి నాకు కళ్లు తిరిగాయి. మొదటి భాగం గండం గడిచింది. రెండో భాగంలో, నిదానంగా నడిచే తేలికపాటి చోట, ఎప్పుడూ తప్పని చోట, బుర్ర ఖాళీ అయిపోయింది. ఆ ఫిడేళ్లలో ఒక్కటి కూడా నాకోసం ఆగలేదు. కండక్టరు చెయ్యి ఆగలేదు. నేను విన్నాను, వెతుక్కున్నాను, కలిశాను. చప్పట్లు కొట్టిన జనంలో ఎంతమందికి తెలిసిందో కానీ, ఫిడేలు చేతపట్టుకుని పుట్టిన మా నాన్నకు తెలియకుండా ఉంటుందా! తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూనే కూర్చున్నాడు.

నేను గొప్ప పియానిస్టునేమీ కాలేదు. స్టూడియోల్లో వాయించాను, పిల్లలకు పాఠాలు చెప్పాను, పెళ్లి చేసుకున్నాను, మా ఆయన్ని పోగొట్టుకున్నాను. వదిలేశారని అనిపించిన ప్రతిసారీ, చేతులు ఆగిపోయిన ప్రతిసారీ, ఏడ్చే ముందు కాసేపు విన్నాను. అది నాకు ఆవిడ పెట్టిన భిక్ష.

ఆనాడు మేము బొంబాయి నుంచి వచ్చేసరికి సెంట్రల్ స్టేషన్లో మా అత్త నిలబడి ఉంది. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర మీద సుద్దపొడి. బాగా వాయించావా అని అడగలేదు. చప్పట్లు కొట్టారా అని అడగలేదు. నా గడ్డం పట్టుకుని, "ఏడ తప్పినావు?" అంది.

నేను నోరు తెరిచేలోపల వెనకనుంచి నాన్న గొంతు వినబడింది. "రెండో భాగంలోనక్కా. కొంచెం సేపే. మళ్లీ అదే అందుకునింది."

మా అత్త నా గడ్డం వదిలేసింది. నాన్న వైపు చూసి, "సరి, సరి. ఆ పెట్టి ఒక్కడివే మొయ్యలేవు, ఇట్లా ఇయ్యి" అంది. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ ట్రంకుపెట్టెను చెరో చెవీ పట్టుకుని, ఒకరి నడక ఒకరికి కుదరక అటూ ఇటూ ఊగుతూ, జనంలో నాకు ముందు నడిచివెళ్లారు.