కాఫీ తోటలో నేను పెట్టిన వంకలు

మా నాన్నది రాయలసీమలో బట్టల కొట్టు. ఆ గల్లాపెట్టె పక్కన కూర్చునే నేను లోకం నేర్చుకున్నాను. కొనాలనుకున్న చీరను మా ఊళ్లో ఎవరూ మెచ్చుకోరు. రంగు వెలిసిపోతుందంటారు, అంచు బాగాలేదంటారు, పక్కకు తోసేస్తారు. ఎన్ని వంకలు పెడితే అంత నచ్చిందని నాన్నకు అర్థం. "బాగుందన్నా" అని మెచ్చుకునేవాళ్లు ఉత్త చేతులతో పోతారు. వాళ్లకు ఆయన మంచినీళ్లు కూడా ఇప్పించేవాడు కాదు.

ఈ విద్యతోనే హైటెక్ సిటీకి వచ్చి, ఆటోల దగ్గరా, నల్లగండ్లలో ఇంటి కిరాయి దగ్గరా నెగ్గుకొచ్చాను. ప్రేమ దగ్గరే బోల్తా పడ్డాను.

మా టీమ్‌లో ఒక గోదావరి జిల్లా అబ్బాయి ఉండేవాడు. లిఫ్టును కూడా "అండి" అనేంత మర్యాద. అతనంటే నాకు ఇష్టం. నా రూమ్మేట్ వరంగల్ పిల్లకూ ఇష్టమేనని, ఆఫీసు వాళ్లమంతా అరకు వైపు కాఫీ తోటకు బయలుదేరిన రైల్లో తెలిసింది.

"తోటల చెప్పేస్త. నీకేమన్న ఉంటే నాకన్న ముందే చెప్పుకో. తర్వాత ఏడిస్తె నేనేం జెయ్య," అంది, నా పల్లీలు నములుతూ.

అంటే నాకున్న గడువు ఆ తోటే. జీపు దిగేసరికి ఫోన్లకు సిగ్నల్ లేదు. మిరియాల తీగలు పాకిన పొడుగాటి చెట్లు, వాటి నీడలో ఎర్రటి కాఫీ పళ్లు, ఇరుకు కాలిబాట. ఆ బాటలో నేనూ అతనూ పక్కపక్కన, వెనకే రూమ్మేట్. ఇదే అదను అనుకుని బేరం మొదలుపెట్టాను.

"ఆ చొక్కా ఏంది సామీ, ఇద్దరు దూరొచ్చు! ఆ నడక జూడు, పెళ్లికూతురు మేలు. పాటలు పాడతావంట గదా? ఈడ మాత్రం పాడొద్దు, పక్షులుండాయి పాపం."

అతను ఆగిపోయాడు. చేతిలోని కాఫీ పండు నలిగిపోయింది. "నేనంటే అంత చిరాకాండీ మీకు? ముందే చెప్పుంటే వేరే జీపులో వచ్చేవాణ్ణి కదండీ."

నాన్నయితే ఈపాటికి చీర మడిచి సంచిలో పెట్టేవాడు. ఇతను ఇంకా దిగిరాలేదని, అలవాటు కొద్దీ విసురుగా ముందుకు నడిచాను. వెనక్కి పిలవాలి కదా! మలుపు దాకా చెవులు వెనకే పెట్టుకుని వెళ్లాను.

వినిపించింది రూమ్మేట్ గొంతు. "నాకైతే నువ్వు మంచిగ నచ్చినవ్. అంగీ సుత మంచిగుంది. ఇగ నీ ఇష్టం."

అక్కడికి సరుకు అమ్ముడుపోయింది.

మొన్న వాళ్ల పెళ్లి బట్టలకు కూకట్‌పల్లిలో ఒక కొట్టుకు నన్నే లాక్కెళ్లారు. "నువ్వుంటే కొట్టోడు మమ్ముల ముంచలేడు," అంది పెళ్లికూతురు. చిలకపచ్చ పట్టుచీర ఒకటి విప్పగానే నా ప్రాణం దాని మీదికి పోయింది. వెంటనే తోసేశాను.

"ఏం చీరన్నా ఇది? గోనెపట్టా మాదిరుంది. ఆ అంచేంది, ఆ రంగేంది! తీసెయ్ పక్కకు."

కొట్టాయన నవ్వి, ఆ చీరే తీసి నా ఒళ్లో పెట్టాడు. "ఇన్ని వంకలు పెట్టినవంటే ఇదే నచ్చిందన్నట్టు గదమ్మా!"

పక్కన పెళ్లికొడుకు, టీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపేశాడు. నా వైపు చూశాడు. తర్వాత తన చొక్కా వైపు చూసుకున్నాడు.

నేను తలెత్తలేదు. "సరేలే, ఎంతకిస్తావో చెప్పన్నా," అన్నాను.