రెండో ముడి

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమానికి కాలేజీలు మూతపడి ఇంట్లో కూర్చున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క వాటాలో నర్సాపురం నుంచి వచ్చిన రత్నక్క కిరాయికుండేది. ఆమే నేనూ క్రోషియా లేసులు అల్లి అమ్మేవాళ్లం. చర్చి బల్ల మీద పరిచే గుడ్డకు లేసు నన్నే అల్లమంటారని ఆశపడ్డాను. పాస్టరమ్మ ఆ పని రత్నక్కకిచ్చింది.

“కొలువులన్నీ ఆంధ్రోళ్లకే. గీ సూది పని గూడ వాళ్లకేనా?” అని అమ్మ మీద మండిపడ్డాను.

“ఆమె చెయ్యి నీకంటె సాఫుగుంటది. జర ఒప్పుకో బిడ్డా” అంది అమ్మ. ఆ మాటకు నాకు ఇంకా మండింది.

మర్నాడు రత్నక్క నీళ్లకు పోగానే వాళ్లింట్లో దూరాను. లేసు మంచం మీదుంది, చివరి ముడి ఒక్కటే మిగిలింది. ముడి పడని క్రోషియా దారం లాగితే ఊడుతూనే ఉంటుంది. కొంచెం చెడగొడదామని లాగాను. చెయ్యి ఆగలేదు. నాలుగు వరుసలు పోయాక తలెత్తితే గుమ్మంలో బిందెతో రత్నక్క. దారం ఇంకా నా వేళ్లకు చుట్టుకునే ఉంది.

“ముడి వేసి వెళ్లాల్సింది నేను” అంది నెమ్మదిగా. “ఆదివారానికి ఇవ్వాలి. నువ్వూ ఓ చెయ్యి వెయ్యవా, సరోజా?”

సాయంత్రం దాకా పక్కన కూర్చుని అల్లాను. పూర్తయ్యాక ఆమె నా వైపు చూడకుండా ఒక ముడి వేసింది. దాని మీద ఇంకోటి వేసింది.

ఆమె అంత సన్నని పని నాకిప్పటికీ రాలేదు, ఆ కుళ్లూ పూర్తిగా పోలేదు. నా లేసులు ఎన్ని ఉతుకులకైనా ఊడవని కొనేవాళ్లు మెచ్చుకుంటారు. నేనూ రెండు ముళ్లే వేస్తాను. రెండోది ఎవరి కోసమో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.