ఎర్ర గోలీల బేరం

ఇబ్రహీంపట్నం జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి డీఎన్ఏ పాఠం చెప్పాను. కణం రెండు కావాలంటే ముందు దాని డీఎన్ఏకి నకలు తయారవ్వాలని బోర్డు మీద గీసి, వెనక బెంచీల వాళ్లను తిట్టి మరీ నేర్పాను. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయిపోతున్న ఆ రోజుల్లోనే నా రొమ్ములో క్యాన్సర్ గడ్డ తేలింది. ఇక నేర్చుకోవడం నా వంతయింది.

డాక్టరమ్మ సూదిమందు గురించి వివరంగా చెప్పింది. డీఎన్ఏ నకలుకు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి. దాన్ని పనికొచ్చేలా మార్చే ఎంజైమును ఈ మందు ఆపేస్తుంది. “నన్నడక్కుండా బలం మాత్రలు మింగకండి” అని గట్టిగా చెప్పింది. గడ్డతో పాటు, కణాలు త్వరత్వరగా పెరిగే జుట్టుకీ, నోటికీ దెబ్బ తగిలింది. జుట్టు పోతే పోయింది, దువ్వుకునే పని తప్పిందనుకున్నాను. నోటి పుండ్లే నన్ను ఏడిపించాయి. మూడో సూది తర్వాత మా వారితో తేల్చి చెప్పేశాను.

“చస్తే చస్తాను. ఇక వెళ్లను.”

ఎదురింటి చేపలవాళ్ల కోడలికి అప్పుడు ఐదో నెల. పుండ్ల నోటికి పడుతుందని రోజూ గంజి కాచి తెచ్చేది. నా మాట ఆమె చెవిన పడ్డట్టుంది. మర్నాడు గంజితో పాటు ఒక డబ్బా కూడా తెచ్చింది. నిండా ఎర్ర గోలీలు.

“అంగన్‌వాడీల నాకిచ్చిండ్రు అక్కా. నీకోసం దాసిపెట్టిన. మింగు, మస్తు తాకతొస్తది.”

నాకు ఒళ్లు మండిపోయింది.

“ఓసి పిచ్చిదానా! ఇందులో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది! నేను మింగకూడదు, నువ్వు మానకూడదు. నీ బిడ్డ పెరగాలంటే డీఎన్ఏ నకళ్లు తయారవుతూనే ఉండాలి. నా గడ్డలో ఆ పని ఆగిపోవాలి. అందుకేగా నాకు సూది!”

ఆమె డబ్బాను తన వైపు లాక్కుంది.

“అంటే నాది నడవాలె, నీది ఆగాలె. గంతేనా?”

“అంతే.”

“మరి సూదికి పోనన్నవంట గదా? నువ్ పోతెనే నేను మింగుత.”

“నన్నే బెదిరిస్తున్నావా?”

“అవ్.”

అరిచాను, బతిమాలాను. కదిలితే ఒట్టు! చివరికి నేనే దిగొచ్చి సరేనన్నాను. అప్పుడు గానీ గోలీ నోట్లో వేసుకోలేదు.

ఆ రోజు నుంచి మా గుమ్మంలోనే కూర్చుని గోలీ మింగేది. నేను గంజి పూర్తిచేసేదాకా లేచేది కాదు. సూది రోజున దగ్గరుండి ఆటో ఎక్కించేది. మిగిలిన సూదులన్నీ అలాగే పూర్తయ్యాయి. మందు నా ప్రాణం నిలబెట్టింది, నిజమే. ఆ మందు దగ్గరికి నన్ను నడిపించింది మాత్రం ఈ మొండిపిల్లే. ఆ రుణం నాకు తీరేది కాదు.

ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజున బిడ్డను తెచ్చి ముందుగా నా ఒళ్లోనే పడుకోబెట్టింది. చనువుగా నా తలకున్న గుడ్డ లాగేసి, ఒక చేత్తో నా తలా, ఇంకో చేత్తో బిడ్డ తలా నిమిరింది.

“సూడక్కా, ఇద్దరికీ ఒక్కతీరుగనే వస్తున్నయ్ ఎంటికలు!”

నవ్వుతూనే ఏడ్చేశాను. నా కళ్లు తుడిచింది కూడా ఆ పిల్లే.