రౌటర్ కింద మగ్గం గుంట

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇదే మాటతో మొదలయ్యే రాతలు పత్రికాఫీసులో నా బల్ల మీదికి చాలా వచ్చేవి. పాడుబడ్డ ఇంట్లో దీపం వెలుగుతోందని విలేకరి వార్త పంపితే, ముందు ఆ ఇంటి కరెంటు మీటరు తిరుగుతోందో లేదో చూసి రమ్మనేవాణ్ని. ఒకసారి అక్కడ దయ్యం బదులు పేకాట బృందం దొరికింది. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంకెవరైనా రాసి పంపి ఉంటే, మొదటి పేరా దాటేవాణ్ని కాదు.

మా అబ్బాయి ప్రవీణ్‌ది వ్యవసాయ శాఖలో ఉద్యోగం. మోత్కూర్‌కు బదిలీ అయితే ఇంటిల్లిపాదీ కదిలాం. నేను, మా ఆవిడ సుగుణ, కోడలు స్వప్న, అప్పుడప్పుడే పాకుతున్న మనవరాలు. మగ్గాల గల్లీలో ఇల్లు కిరాయికి దొరికింది.

ఆ ఇల్లు వీరయ్య అనే నేతగాడిది. ముందు గదిలో ఆయన గుంట మగ్గం ఉండేదట. నేలలో గుంట తవ్వుకుని, అందులోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం. ఆయన పోయాక కొడుకులు మగ్గం విప్పేశారు. గుంటను మట్టితో పూడ్చి, పైన టైల్స్ వేయించి మాకు ఇచ్చారు. ఆ చోట టైల్స్ రంగు కాస్త తేడాగా ఉంటుంది. చెబితే తప్ప తెలియదు.

స్వప్న హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. గాలి, వెలుతురు బాగున్నాయని ఆ గదే ఎంచుకుంది. ఆమె కుర్చీ సరిగ్గా రంగు తేడా ఉన్న టైల్స్ మీద, రౌటర్ దాని ఎదుటి గోడకు.

వారం తిరక్కుండానే నెట్ పోవడం మొదలైంది. రౌటర్ మీద పచ్చగా ఉండాల్సిన దీపం ఎర్రబడుతుంది. కొంతసేపటికి దానంతటదే పచ్చబడుతుంది. మళ్లీ ఎరుపు. అందరూ చేసేదే మేమూ చేశాం. ఆపి మళ్లీ వేశాం. అడాప్టర్ మార్చాం. వైరు ఎక్కడైనా మడత పడిందా అని గోడ పొడవునా తడిమాం. రౌటర్‌ను వంటింటి అరలోకి మార్చి చూశాం. అక్కడా అంతే.

కనెక్షన్ ఇచ్చిన యాదగిరి వచ్చి కేబుల్ కొసలు కోసి కొత్తగా అతికాడు. కొత్త రౌటర్ పెట్టాడు. పాతది తన దుకాణంలో పెట్టి చూస్తే పొద్దంతా ఒక్కసారీ పోలేదు. మా ఇంట్లో కొత్తదీ పోతోంది. అదే లైను మీదున్న మిగతా ఇళ్లలో ఏ ఇబ్బందీ లేదు. "సారూ, నా సర్వీసుల గిసుంటి ఇల్లు సూడలే" అని దండం పెట్టాడు.

నేను గమనించింది ఒకటుంది. నెట్ పొద్దున పోవడం మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ నిలకడగా ఉంటుంది. మళ్లీ మొదలై, దీపాలు పెట్టే వేళకు ఆగిపోతుంది. రాత్రంతా నిక్షేపంగా ఉంటుంది. పగలు వాడకం ఎక్కువ కాబట్టి అనుకున్నాను.

ఒకరోజు స్వప్న సాయంత్రం గదిలోంచి కేకేసింది. "మామయ్యా, ఇయ్యాల ఒక్కసారి గూడ పోలే!" యాదగిరి చేసిన పని ఫలించిందని సుగుణ పాయసం వండింది. మర్నాడు పొద్దున స్వప్న కుర్చీలో కూర్చుందో లేదో, ఎర్రదీపం.

అప్పుడే పక్కింటి అండాలవ్వ మనవరాలిని ఎత్తుకోవడానికి వచ్చింది. ఆ వయసులోనూ మేకుల మీద నూలు తిప్పుతూ చీరలకు ఆసు పోస్తుంది, నోరూ అంతే చురుకు. మా గోడు విని నవ్వింది.

"నిన్న అమాస గద బిడ్డా. అమాస నాడు గీ గల్లీల ఎవ్వలు మగ్గం ముట్టరు. మా మరిది గూడ ముట్టడు."

"ఏ మరిది అవ్వా?" అన్నాను.

"గీ ఇంటాయనే. వీరయ్య."

"ఆయన పోయిండు గదా?"

"పోయిండు. పోతే?"

ఆ "పోతే"ను నేను పట్టించుకోలేదు. కానీ ఆమె మాటల్లోంచి నాకు అసలు కారణం దొరికిందని సంబరపడ్డాను. అమావాస్యకు గల్లీలో మగ్గాలన్నీ ఆగుతాయి. మిగతా రోజుల్లో పక్కిళ్ల మగ్గాల అదురుకు గోడ మీది కేబుల్ కదులుతుండాలి. భోజనాల వేళ నిలకడకూ అదే కారణం. యాదగిరిని పిలిచి, మగ్గాలు లేని వెనక గల్లీ నుంచి కొత్త కేబుల్ లాగించాను. సుగుణతో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నం భోజనాలు కాగానే నెట్ మళ్లీ పోయింది. తర్వాతి అమావాస్యకు మళ్లీ రోజంతా ఉంది.

ఇంతలో స్వప్నకు పీకల మీదికొచ్చింది. పెద్ద క్లయింట్‌తో మీటింగ్ ఉంది, అందులో ఆమే మాట్లాడాలి. అది మధ్యలో తెగితే హైదరాబాద్ వచ్చి ఆఫీసులోనే కూర్చోవాలని మేనేజర్ తేల్చేశాడు. అంటే పసిపిల్లతో ఆమె అక్కడ, ప్రవీణ్ ఇక్కడ. మీటింగ్‌ను అమావాస్యకు మార్చమని స్వప్న అడిగింది. మేనేజర్‌దీ తెలుగు ఊరే. "కొత్త క్లయింట్‌తో అమావాస్య నాడా? నీకేమైనా పిచ్చా అమ్మా?" అన్నాడట. ఆ గల్లీలో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. పక్కిళ్లలో కూర్చుందామంటే మగ్గాల చప్పుడు.

సుగుణ ఓరోజు పొద్దున నాకు చెప్పకుండా ఆ గదిలో అగర్బత్తి వెలిగించింది. "ఎవరున్నరో గని, జర మమ్ముల ఇడిచిపెట్టు" అని మొక్కింది. ఆ రోజు నెట్ మరీ ఎక్కువసేపు పోయింది.

అండాలవ్వ ఆమెను గట్టిగానే మందలించింది. "ఎవరున్నరో అంటే ఎవలికైన కోపం రాదా? ఆయనిల్లు, ఆయన జాగా. వరస పెట్టి పిలువాలె."

ఆ గల్లీ పద్ధతి అప్పుడు తెలిసింది. ఇంట్లో చంటిబిడ్డకు జ్వరమొచ్చినా, పెళ్లిచూపులకు చుట్టాలొచ్చినా, పక్కింటి గడప దగ్గర నిలబడి బావా, మామా అని వరస పెట్టి పిలిచి, కాసేపు మగ్గం ఆపమంటారు. అలా అడిగితే కాదన్నవాళ్లు లేరట.

"గని ఎంతసేపో చెప్పాలె. పనైనంక మల్ల చెప్పాలె. లేకుంటె ఉత్తగ కూసుంటడు పాపం" అంది అండాలవ్వ. తర్వాత స్వప్న వైపు తిరిగి వరస తేల్చింది. "నన్ను అవ్వ అంటున్నవు. నా మరిది నీకేమైతడు? తాత. గంతే."

మీటింగ్ రోజు స్వప్న ఆ గది గడప బయటే నిలబడింది. వెనక మేమంతా. నాకు నవ్వు ఆగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు.

"తాతా, గీ రెండు గంటలు జర ఆపు తాతా. నెట్ పోతే బిడ్డనేసుకొని పట్నం పోవాలె నేను."

లోపలికి వెళ్లి కూర్చుంది. నేను వరండాలో కుర్చీ వేసుకుని కిటికీలోంచి రౌటర్‌నే చూస్తూ ఉన్నాను. పక్కిళ్లలో మగ్గాలు ఎప్పటిలాగే ఆడుతున్నాయి. ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. దీపం పచ్చగానే ఉంది. అడిగిన రెండు గంటలూ అయిపోయాయి. క్లయింట్‌కు సందేహాలు తీరలేదు, మీటింగ్ సాగుతూనే ఉంది. సుగుణ నా భుజం పట్టుకుంది. దీపం అలాగే ఉంది.

చివరికి స్వప్న ల్యాప్‌టాప్ మూసి, చేతులు రెండూ పైకెత్తి బయటికి వచ్చింది. మేనేజర్ మెచ్చుకున్నాడట. ఇంటి నుంచే చేసుకొమ్మన్నాడట. సుగుణ పిల్లను ఎత్తి గాల్లో తిప్పింది. ప్రవీణ్‌కు ఫోన్ చేశాం. మిఠాయి సంగతి, పాయసం సంగతి మాట్లాడుకుంటూ చాలాసేపు గడిపాం. ఆ హడావుడిలో మిగతాది ఎవరికీ గుర్తులేదు.

అండాలవ్వ గోడ అవతలి నుంచి అరిచింది. "ఓ పిల్లా! తాతకు చెప్పినవా?"

స్వప్న నాలుక కరుచుకుని గడప దగ్గరికి పరుగెత్తింది. "అయిపోయింది తాతా. ఇగ నేసుకో."

ఆ మాట ముగిసీ ముగియకముందే దీపం ఎర్రబడింది. అందరం చూశాం.  సుగుణ పకపకా నవ్వింది, మేమంతా అందుకున్నాం.

"సూసిన్రా, ఎంత ఓపికతోని కూసున్నడో!" అంది అండాలవ్వ, తన మరిదిని మేమేదో చిన్నబుచ్చినట్టు.

స్వప్న ఇప్పటికీ ఆ గదిలోనే పని చేస్తోంది. ముఖ్యమైన మీటింగ్ ఉంటే గడప దగ్గర నిలబడి అడుగుతుంది, అయ్యాక చెబుతుంది. మనవరాలు కూడా ఆ గది ముందు నిలబడి "తాతా" అంటే, అది నన్నో ఆయన్నో నాకు అర్థం కాదు.

ఏళ్ల తరబడి ఇతరుల వార్తల్లో లొసుగులు వెతికినవాణ్ని, దీనిలోనూ వెతికాను. వైరు, వేడి, కరెంటు హెచ్చుతగ్గులు, యాదగిరికి తెలియని ఏదో లోపం. నెట్ పోవడానికి ఇలాంటి కారణాలు ఎన్నైనా చెప్పగలను. మా కోడలు "అయిపోయింది" అనేదాకా అది పోకుండా ఆగడానికి మాత్రం ఒక్కటీ దొరకలేదు.