అద్దాల పెట్టెలో అల్లుడు

"నీళ్లు చల్లినావా?" అన్నాడు.

"చల్లినాలే, నువ్వు పండుకో," అన్నాను.

మా ఆయనా నేనూ ఆఖరున మాట్లాడుకునింది అంతే. పెద్దాసుపత్రిలో, మధ్యాన్నం పూట. ఆయన మంచం మీద, నేను కింద చాప మీద. పక్క మంచం ముసలామె తల ఎత్తి "ఏం చల్లాలమ్మా? యాడ చల్లాల?" అని అడిగింది. చెప్పాలంటే శానా ఉండాదిలే అవ్వా అని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తాను. నాకు సంతకం పెట్టేంత చదువే వచ్చు, అందుకని నేను చెప్తాంటే మా ఆడబిడ్డ, ఆయన చెల్లెలే, రాస్తాంది. (చెప్పింది చెప్పినట్టే రాయి అమ్మణ్ణీ. మధ్యలో నీ సొగసులు పెట్టొద్దు.)

ఆ రోజుల్లో నాకు అలుపంటే ఏందో తెలీదు. ఇప్పుడు ఒక బిందె ఎత్తాలంటే ముందు కాసేపు కూర్చుని దానితో మాట్లాడుకోవాల. అప్పుడు నెత్తి మీద ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని మెట్లెక్కేదాన్ని. అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీ, అందులో కప్పల్ని కోసి చూపించే గది. మా ఆయన ఆ గదికి అటెండరు, నేను ఊడ్చేదాన్ని. ఇద్దరివీ టెంపరవరీ ఉద్యోగాలే. కొన్నాళ్లకు కప్పల్ని కొయ్యగూడదని పైనుంచి చెప్పినారు. ఆ గది మేడం (వెనకాల మేము కప్పల మేడం అనేవాళ్లం, ముందర ఒట్టి మేడమే) "కోసింది చాలు, ఇంక సాకుదాం" అనింది. అదే వారం తోటకు నీళ్లు పట్టే సంపు కడుగుతాంటే మూడు కప్పలు బయటపడినాయి. పిడికిలంత ఉంటాయి, ఒళ్లు గుండ్రం, మూతి పొట్టి. కూలోళ్లు గోడవతలికి విసరబోతే మేడం అడ్డం పడి తడిగుడ్డ పరిచిన ప్లాస్టిక్ టబ్బులో పెట్టించింది, వాటిని సాకడానికి ఒక పెద్ద అద్దాల పెట్టె గూడా తెప్పించింది.

ప్రిన్సిపాలు మా ఆయన్ను పిలిచి చెప్పినాడు. "చూడప్పా, వచ్చే నెల తనిఖీ వాళ్లు వస్తారు. ఆ పొద్దుకు అద్దాల పెట్టెలో చెట్లు పచ్చగా ఉండాల, కప్పలు బతికి ఉండాల. ఉంటే నీ పేరు పర్మినెంటుకు రాసి పంపిస్తా. లేకుంటే నన్నేమీ అనొద్దు." ఎనిమిదేళ్లుగా మా ఆయన చెయ్యని పని ఏదీ లేదు ఆ కాలేజీలో. ఆఖరుకు ఆయన బతుకు మూడు కప్పల చేతికి పోయింది. మా ఆయన వాటికి పేర్లు గూడా పెట్టినాడు. లావుగా ఉండేది పెదనాయన, దాని వెనకే పోయేది చిన్నాయన, ఒక మూలన కూర్చుని ఉలకక పలకక చెదపురుగులు నోటికాడికి తెస్తే మాత్రం నాలిక చాపేది అల్లుడు.

పెట్టెలో అడుగున ఏం పరచాల అనేదాని మీద పెద్ద పంచాయితీ. మొదట మా ఆయన వంకలో ఇసక తెచ్చి పరిచినాడు. మర్నాటికి ఆ ఇసక అల్లుడి కడుపంతా అంటుకుని లడ్డుకు చక్కెర అద్దినట్టుండె. మేడం చూసి "దాని చర్మం మన నాలిక మాదిరి మెత్తన. నువ్వు నాలిక మీద ఇసక పోసుకుంటావా?" అనింది. అప్పుడు నేను నడుం బిగించినాను. మా పుట్టిల్లు కుందుర్పి పక్క. మా నాయనకు ఫోన్ చేసి చేన్లో ఎర్రమన్ను ఒక గోతం పంపించమన్నాను. "కప్పలకా? నా మన్ను కప్పలకా?" అని మూడుసార్లు అడిగి, బస్సులో వేసి పంపినాడు పాపం. మేడం ఆ మన్ను చేతిలోకి తీసుకుని "ఎరువు వేసిన చేనా?" అనింది. నేను గొప్పగా "వెయ్యకుండా ఉంటామా మేడం, రెండు మూటలు వేసినాం" అన్నాను. అంతే, గోతం గుమ్మం బయటికి పోయింది. కప్ప నీళ్లు నోటితో తాగదంట, చర్మంతో తాగుతుందంట. మన్నులో ఏముంటే అది ఒంట్లోకి పోతుందంట. "అంత పెద్ద నోరు పెట్టుకుని చర్మంతో తాగేదేంది మేడం?" అని నేనడిగితే ఆమె నవ్వలేదు.

అట్లయితే చెనక్కాయ పొట్టు పరుద్దాం, మెత్తగా ఉంటాది, మన దగ్గర దానికి కరువు లేదు అన్నాను. మేడం ఊర్లో లేని రోజు చూసుకుని పరిచినాం గూడా. నాలుగో రోజుకు ఆ పొట్టుకు తెల్లగా గడ్డం మొలిచింది. గది తలుపు తీస్తే కంపు. మా ఆయన దాన్ని చేటలోకి ఎత్తుతా, "మీ పుట్టింటి మన్ను అయిపాయ, పొట్టు అయిపాయ. ఇంక ఏం తెస్తావే, మీ నాయన్నే తెచ్చి పడుకోబెడతావా?" అన్నాడు.

చివరకు మేడం కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. అడుగున బెత్తెడు మందం గులకరాళ్లు, ఎక్కువైన నీళ్లు దిగి ఆడ నిలవడానికి. దాని మీద దోమతెర గుడ్డ, పైన పోసేది కిందికి జారకుండా. ఆ పైన బొగ్గు ముక్కలు, కంపు కొట్టకుండా. ఆ పైన జానెడు కొబ్బరిపీచు పొడి, పైన ఎండాకులు, నాచు. మా ఆయన ఆ కాగితం జేబులో పెట్టుకుని వారం రోజులు ఇల్లు కట్టే మేస్త్రీ మాదిరి తిరిగినాడు. బుక్కరాయసముద్రం చెరువు దాకా సైకిల్ మీద పోయి తూము కాడ నాచు గీక్కొచ్చినాడు. మనీప్లాంటు, రెండు ఫెర్ను మొక్కలు నర్సరీలో అడుక్కొచ్చినాడు. పీచు మాత్రం నా పాలికి వచ్చింది. ఎండిన కొబ్బరి బోండాల డొక్కలు నానబెట్టి, దంచి, ఉప్పు పోయేదాకా మూడుసార్లు కడగాలంట. మూడుసార్లు! మా కాలనీకి కొళాయి వచ్చేదే ఐదు రోజులకొకతూరి. మొదటి నీళ్లు వాకిట్లో చల్లినాను, రెండోవి మరుగుదొడ్లోకి పెట్టుకున్నాను, మూడోవి పారబొయ్యడానికి చెయ్యి రాక సాయంత్రం దాకా ఆ బకెట్ పక్కనే కూర్చున్నాను.

అదే నా జబ్బు. మా ఊర్లో వానల్లేని ఏడు కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుతాం, ఆడోళ్లు దాని మీద చెంబుడు నీళ్లు పోస్తారు. ఆ చెంబుడుకు బదులు అది మాకు వాన తెప్పించాల. ఊరికే నీళ్లు పోయించుకునే కప్పల్ని నేను ఈడనే చూసినాను.

తనిఖీకి ఇంక నాలుగు రోజులుందనగా మా ఆయన్ను పరీక్షల పని మీద గుత్తికి పంపినారు. పోతా పోతా గదిలో ఉండే డ్రమ్ము చూపించినాడు. కొళాయి నీళ్లలో బ్లీచింగు ఉంటాది కాబట్టి ఒక రోజు మూత తీసి నిలవ పెట్టిన నీళ్లు. డ్రమ్ము మీద నీళ్లు ఉన్నంత కాడికి సుద్దముక్కతో గీత గీసి "పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. ఇది కప్పల నీళ్లు, మన నీళ్లు కాదు. విన్నావా?" అన్నాడు. విన్నాను. రెండో రోజు కొళాయి రావాల్సింది రాలేదు. ఇంట్లో బియ్యం కడగడానికి గూడా నీళ్లు లేవు. ఈడ చూస్తే అల్లుడు ఫెర్ను మొక్క కింద తడి నాచు మీద కాళ్లు ముడుచుకుని దొర మాదిరి కూర్చోనుండాడు. నాకు కడుపు మండింది. (అమ్మణ్ణీ, ఇది రాయొద్దు అనుకుంటాండావేమో, రాయి.) ఆ డ్రమ్ములోవి రెండు బిందెలు ముంచుకుని ఇంటికి మోసుకుపోయినాను. మిగిలిన అడుగు నీళ్లు పూలమాల మీద చల్లినట్టు వేలికొసల్తో చిలకరించినాను. మూడో రోజు అదీ లేదు. ఆ రెండు సాయంత్రాలూ గుత్తి నుంచి ఫోను. "నీళ్లు చల్లినావా?" "చల్లినాలే." అంతే. ఇంకో మాట అడిగితే దొరికిపోయేదాన్ని, ఆయన అడగలేదు.

నాలుగో రోజు పొద్దున పెట్టెలో చూద్దును గదా, కప్పల్లేవు. నాచు అప్పడమైపోయింది. పీచు పొడి ముట్టుకుంటే రంపపు పొట్టు మాదిరి రాలతాంది. పెదనాయన లేడు, చిన్నాయన లేడు, అల్లుడు లేడు. మర్నాడు తనిఖీ. ఎనిమిదేళ్ల చాకిరీ నా రెండు బిందెల్లో పడి మునిగిపోయిందే అనుకున్నాను. గాజులు వెనక్కి తోసి రెండు చేతులతో తవ్వినాను. పీచు అడుగున, బొగ్గు కాడ, వేలికి తడి తగిలింది. గులకరాళ్లలో నిలిచిన నీళ్ల చెమ్మ పైకి ఎక్కతాండాది. ఆ తడిలో మెత్తగా ఏదో కదిలింది. ముగ్గురూ ఆడనే, కళ్లు మూసుకుని, పీచు పొడి కప్పుకుని పండుకోనుండారు. వాళ్లూ ఈ కరువు గడ్డ మీద పుట్టినోళ్లే గదా, నాలాంటోళ్లను ఎంతమందిని చూసినారో. ఆడనే చతికిలబడి ఏడ్చినాను.

ఏడ్చినాక బుద్ధి రావాల, నాకు భయం వచ్చింది. ఇంట్లో ముట్టకుండా మిగిలిన బిందె నెత్తిన పెట్టుకుని తెచ్చి, మొత్తం పోసేసినాను. రెండు చెంబుల కాడ బిందె! రాళ్లు మునిగినాయి, బొగ్గు మునిగింది, పీచు ఉబ్బింది, మనీప్లాంటు తేలింది. పెట్టె సగం చెరువైపోయింది.

మర్నాడు మా ఆయన రైలు దిగి నేరుగా గదికే వచ్చినాడు. పెట్టె చూసినాడు, నన్ను చూసినాడు, నోరు తెరిచేలోగా తనిఖీ వాళ్లు ముగ్గురు లోపలికి వచ్చినారు. అప్పుడే పెదనాయన గొంతెత్తినాడు. ఆ పిడికిలంత కడుపులోనుంచి దున్నపోతు గొంతు! వెంటనే చిన్నాయన. ఆ వెనక, పుట్టినప్పట్నుంచి నోరు మెదపని అల్లుడు గూడా.

మండే ఎండాకాలంలో కప్ప కూత వింటే అనంతపురం మనిషి ఏం చేస్తాడు? తనిఖీ వాళ్లలో పెద్దాయన చేతిలో ఫైలు బల్ల మీద పడేసి కిటికీ కాడికి ఉరికినాడు. "మబ్బు పట్టిందా? యాడ, యాడ?" ప్రిన్సిపాలు ఆయన వెనకే. ఆఫీసు గుమాస్తా "నా చెనక్కాయలు!" అని అరుచుకుంటా మిద్దె మీదికి పరిగెత్తినాడు, విత్తనానికి ఆడ ఆరబోసుకున్నాడంట. వాచ్‌మన్ టార్పాలిను ఈడ్చుకుంటా పోయినాడు. కాలేజీకి కాలేజే బయటికొచ్చి తలెత్తి చూసింది. ఆకాశం కడిగి బోర్లించిన గంగాళం మాదిరి తళతళ మెరుస్తాండె.

పెద్దాయన సిగ్గుపడతా వెనక్కి వచ్చి పెట్టె ముందర వంగినాడు. "ఎన్నేళ్లాయప్పా ఈ కూత విని. మా చేను పక్క కుంటలో అరిచేవి," అన్నాడు. పోయేటప్పుడు ఏదో మంచిగా రాసినాడంట. ప్రిన్సిపాలు మా ఆయన పేరు రాసి పంపించినాడు, పర్మినెంటూ అయింది.

వాళ్లు పోయినంక మా ఆయన డ్రమ్ము కాడికి పోయినాడు. సుద్ద గీత యాడుందో, నీళ్లు యాడున్నాయో చూసినాడు. నేను చీపురు పట్టుకుని తలుపు చాటున ఉన్నాను. తిడితే బాగుండు అనిపించింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఆ గీత తుడిచేసినాడు, అంతే. వానలు పడినంక మేడం ఆ కప్పల్ని చెరువు పక్క చెమ్మలో వదిలిపెట్టించింది. అల్లుడు వెనక్కి తిరిగి గూడా చూడలేదు. అల్లుడే గదా.

ఆ పొద్దుకాన్నుంచి నేను ఏ అబద్ధం చెప్పినా ఆయన నోట ఒకటే మాట. తిన్నానంటే "నీళ్లు చల్లినావా?" కాలు నొప్పి లేదంటే "నీళ్లు చల్లినావా?" నేనూ మొండిదాన్ని, "చల్లినాలే" అనేదాన్ని.

ఆ మధ్యాన్నం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాల్సింది చెప్పినాడు. కొంగుతో మొగం తుడుచుకుని లోపలికి వచ్చి, "రేపు ఇంటికి పోవచ్చన్నాడు డాక్టరు" అన్నాను. ఆయన పెదవి ఒక పక్కకు నవ్వింది. అప్పుడు అడిగినాడు ఆ మాట.

బిందెలు మోసుకుని కప్పల మీద కుళ్లుకున్న ఆ పిల్ల ఇప్పుడు ఎదురుపడితే చెంప మీద ఒకటి కొట్టాలనిపిస్తాది, పక్కన కూర్చోబెట్టుకుని ఇంత అన్నం పెట్టాలనీ అనిపిస్తాది.

ఏడవాకు అమ్మణ్ణీ, కాగితం తడుస్తాది. ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించు. మీ అన్న మాట నువ్వు చదువు. నా మాట కాడికి వచ్చినప్పుడు ఆపు, అది నేనే చెప్తాను.