మస్తుగుందని అనొద్దన్న రూలు

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో నా అంత తెలివిగా ఆఫీసును పాడుచేసినోడు ఇంకొకడు లేడు. ఈ మాట గర్వంగానే చెప్తున్న. బొంగులూరు దిక్కు లేచే వెంచర్లకు బ్రోచర్లు, హోర్డింగులు చేసే చిన్న ఆఫీసు మాది. బొమ్మలు గీసే రంగులక్క, మాటలు రాసే కవిగారు, వీడియోలు తీసే కెమెరా అన్న, వాళ్ల ముగ్గురి మీద పెద్దగా నేను. "ఆఫీసుల ఎవరు ఎట్ల మాట్లాడాలెనో రాసి పెట్టు" అన్నడు సేటు. నేను పెరిగింది బట్టల దుకాణంలో. కొనేటప్పుడు సరుకు నచ్చినట్టు ముఖం మీద తెలిస్తే రేటు పెరుగుతదని మా బాపు నేర్పిండు. మెచ్చుకుంటే జీతం పెంచమంటరు, ఇక్కడా గదే లెక్క అనుకొని గోడకు కాగితం అంటించిన: ఎవరు ఏం చూపెట్టినా ముందు ఒక వంక చెప్పాలె, నచ్చినా ముఖం మామూలుగ పెట్టాలె, 'మస్తుగుంది' అన్న మాట ఆఫీసులో వినపడొద్దు.

"అన్నా, ఇది ఆఫీసా, అంగడా?" అన్నది రంగులక్క.

"ఎట్ల రాసిన అక్కా?" అని మురుసుకుంట అడిగిన.

"అక్షరాలు వంకరున్నయ్" అన్నది, ముఖం మామూలుగ పెట్టి. (రూలు ఆ నిమిషం నుంచే అమలైంది.)

అంతకుముందు ఒకరి కుర్చీ వెనక ఒకరు నిలబడి చూసుకునేటోళ్లు. ఆ తర్వాత ఎవరి కంప్యూటర్ వాళ్లదే. మధ్యాహ్నం ముగ్గురూ డాబా మీద టిఫిన్లు విప్పుకొని నవ్వుతుంటే మెట్ల దాకా వినపడేది. నేను పైకి పోంగనే అందరి ముఖాలు మామూలుగ అయ్యేటివి. కింద ఒక్కన్నే తినుడు అలవాటు చేసుకున్న. ఒకనాడు కష్టపడి నేనే ఒక మాట రాసి చూపెట్టిన: 'మీ ఇంటికి ముందు గాలి వస్తది, తర్వాత మీరు వస్తరు.'

"పర్వాలేదన్నా, ఇంకో నాలుగు చూపెట్టు" అన్నడు కవిగారు, అచ్చం మా దుకాణానికొచ్చే గిరాకీ లెక్క.

"గాలికి రిజిస్ట్రేషన్ ఉంటదా?" అన్నడు కెమెరా అన్న.

ఎవరన్నా ఒక్కరు బాగుందంటరేమోనని సాయంత్రం దాకా కుర్చీ కదల్లే. ఎవరూ అనలే. రూలు నాదే కద.

తర్వాత రంగులక్కకు వేరే ఊర్లో నౌకరీ దొరికింది. పోయే రోజు ఆఖరి బొమ్మ తెచ్చి నా ముందు పెట్టింది. సగం కట్టిన గోడ, దాని మీద ఆరేసిన పసిపిల్ల గౌను, పైనంతా ఆకాశం. ఇల్లు ఇంకా లేవనేలే, మనుషులు అప్పుడే వచ్చి ఉంటున్నట్టుంది. బొమ్మను దగ్గరికి గుంజుకున్న.

"ఎట్లుందన్నా?" అని సూటిగ నా ముఖంలోకి చూసింది. రూలు పెట్టినంక ఆమె అట్ల అడిగింది ఆ ఒక్కసారే.

నోరు తెరిచిన. "ఆకాశం జర ఎక్కువైందక్కా" అన్న మాటే బయటికొచ్చింది.

"అవ్ అన్నా, తగ్గిస్త" అన్నది. తగ్గించి పోయింది.

ఆ హోర్డింగు బొంగులూరు దగ్గర చాన్నాళ్లు ఉన్నది. అది ఎండకు వెలిసినంక, ఒకనాడు దాని కింద బండి ఆపి, హెల్మెట్ తీసి, "మస్తుగుందక్కా" అన్న. హారన్ కొట్టుకుంట ఒక లారీ పోయింది. ఆకాశం తక్కువైన సంగతి కింది నుంచి కూడా తెలుస్తనే ఉంది.

అప్పటి ఆ కుర్ర పెద్దమనిషిని, అంటే నన్నే, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తది. బేరమంతా అయినంక సూటిగ లెక్క చూసుకుంటే, నేను మిగిల్చుకున్నది ఒకే ఒక్క మాట. అది ఇంకా నా దగ్గరనే ఉంది, మనుషుల ముందు మడత కూడ విప్పలే. తీస్కపోయేటోళ్లే లేరు.