ఒక సందు, రెండు గేట్లు

రవ్వలక్క ఎడమచేత్తో ఇనుప పట్టీని బల్లకు అదిమిపట్టి, కుడిచేత్తో గ్రైండర్ నడుపుతోంది. నిప్పురవ్వలు గుప్పున లేచి ఆమె బూట్ల మీద పడి ఆరిపోతున్నాయి. తండ్రి పోయాక ఆయన వెల్డింగు షాపును ఆడపిల్ల ఏం నడుపుతుందని నవ్విన వాళ్ళే, ఆ రవ్వలు చూసి చూసి ఈ పేరు ఖాయం చేశారు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఇప్పుడు ఆమే ఒక క్షణం ఆలోచించుకోవాలి.

ఎగువ వీధినీ దిగువ వీధినీ కలిపేది ఒకే ఒక్క సందు. సరిగ్గా దాని నడిమధ్యన ఉంది ఆమె షాపు. ఎగువ వాళ్ళది ఒక భాష, దిగువ వాళ్ళది ఇంకో భాష. రెండూ అందరికీ వచ్చు. తిట్టుకునేటప్పుడు మాత్రం ఎవరి భాషలో వాళ్ళు తిట్టుకుంటారు. రాజధానిలో రెండు భాషలవాళ్ళ పెద్దలూ మాటలు మానేసి నెల దాటింది. పక్క ఊళ్ళో కొట్లు తగలబడ్డాయని కబురు వచ్చింది. అప్పటినుంచి సందులో నడిచేవాళ్ళు వెనక్కి తిరిగి చూసుకుంటున్నారు.

గ్రైండర్ ఆగే వరకు ఆమె తమ్ముడు రవ్వలకు దూరంగా నిలబడ్డాడు. ఎగువ వీధి కమిటీకి వాడే పెద్ద.

"అక్కా, సందు పైమొదట్లో గేటు పెట్టాలి. మనిషెత్తు. గడియ మావైపు ఉండాలి."

"మీవైపే ఎందుకురా?"

"ఇంకెటు ఉంటుంది? గొడవ రాక తప్పదక్కా. రెండు జనాలు ఒకచోట ఉన్నాక ఎప్పటికైనా ఇది జరిగేదే. చిన్నప్పటి యుద్ధం మరిచిపోయావా?"

ఆమె మరిచిపోలేదు. ఆ యుద్ధం ఉద్యోగాల వల్ల వచ్చిందని కొందరు, భాష వల్లనని కొందరు, వరుస కరువుల వల్లనని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. అన్నీ నిజమే కావచ్చు. ఆమె మాత్రం దాన్ని నాన్న పనిబల్ల మీద చూసింది. మొదట ఒక వీధివాళ్ళు తలుపులకు పెద్ద గొళ్ళేలు అడిగారు. ఆ గొళ్ళేలు చూసి రెండో వీధివాళ్ళు కిటికీలకు చువ్వలు అడిగారు. చువ్వలు చూసి, వీళ్ళు దేనికో సిద్ధపడుతున్నారని మొదటివాళ్ళు ఇనుప తలుపులు అడిగారు. షాపు గడప తొక్కిన వాళ్ళలో యుద్ధం కావాలన్నవాడు ఒక్కడూ లేడు. ఎవరి భయం వాళ్ళకు నిజమైనదే. చివరికి ఏదైనా అడగడానికి బయటికి వచ్చేవాళ్ళే లేకపోయారు.

"మరి పెద్దక్క సంగతి?" అంది రవ్వలక్క.

 వాళ్ళ పెద్దక్క దిగువ వీధి కోడలు. మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. రక్తం శుభ్రం చేయించుకోవడానికి వారానికి మూడుసార్లు ఈ సందులోంచే ఎగువనున్న ఆసుపత్రికి రావాలి. ఒక్కసారి తప్పినా ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరి ఆడదు.

"అక్క వస్తే తీస్తాంలే."

"ఎవరు తీస్తారు? కాపలావాడికి నిద్ర పడితే? వాడికి అక్కంటే పడకపోతే?"

"మేం పొరుగువాళ్ళని ఒక్క మాట అనట్లేదక్కా. బయటినుంచి లారీల్లో దిగేవాళ్ళ గురించే మా భయమంతా."

"అంతేనా? సరే, రేపు పొద్దున కొలతలకు రా."

మధ్యాహ్నం బావ వచ్చాడు. పెద్దక్క భర్త, దిగువ వీధిలో పదిమందీ మాట వినే మనిషి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమ్మా మరదలా, మీవాళ్ళు గేటు పెడుతున్నారటగా. పైన గుంత తవ్వడం మావాళ్ళు చూశారు. సందు కింది కొసన మాకూ ఒకటి కావాలి. గడియ మావైపు."

రవ్వలక్కకు నవ్వు ఆగలేదు.

"నవ్వుతావేం? మొదలుపెట్టింది వాళ్ళు!"

"బావా, ఇంతకీ మీ భయం ఎవరంటే? మా తమ్ముడంటేనా?"

"వాడా? నా పెళ్ళిలో వాడి నిక్కరు జారిపోతే బొందు ముడేసింది నేను. వాడంటే నాకు భయమేంటి! బయటివాళ్ళ భయమమ్మా."

"అయితే రేపు పొద్దున మీరూ రండి."

మర్నాడు ఇద్దరూ ఒకరినొకరు చూసి ముఖాలు ముడుచుకున్నారు. రవ్వలక్క పట్టించుకోకుండా షాపుకు పైవైపు సందుకు అడ్డంగా సుద్దముక్కతో గీత గీసింది. "ఇదిగో, మా తమ్ముడి గేటు." షాపు దాటి ఇరవై అడుగులు కిందికి నడిచి ఇంకో గీత. "ఇది బావగారి గేటు. ఈయన ఇటు గడియ వేస్తాడు, వాడు అటు వేస్తాడు. మధ్యలో ఎవరున్నారో చూశారా?"

ఇద్దరూ చూశారు. మధ్యలో ఉన్నది ఆమె, ఆమె షాపు, ఒక కుంటి కుక్క.

"నాకు అన్నం గేటుమీంచి విసురుతారా? లేక వంతులేసుకుంటారా?"

బావ పెదవి బిగబట్టాడు కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. తమ్ముడు మాత్రం "ఎగతాళి కాదక్కా" అన్నాడు.

"నేనూ ఎగతాళి చేయట్లేదు. మీ భయం బయటివాళ్ళంటేనని ఇద్దరూ అన్నారు. అన్నారా లేదా?"

ఇద్దరూ తలూపారు. ఒకడి ఎదుట ఇంకొకడు కాదనే వీల్లేదు.

"అయితే గేటు ఒక్కటి చాలు. ఇక్కడ, మా గోడకే పెడతాను. గడియను గట్టి స్ప్రింగు ఎప్పుడూ వెనక్కి లాగుతూ ఉంటుంది. అది నిలబడాలంటే ఎగువ వీధి వైపునుంచి ఒక కొక్కెం, దిగువ వీధి వైపునుంచి ఒక కొక్కెం, రెండూ ఒకేసారి తగిలించాలి. ఒక్కటే తగిలిస్తే గడియ వంకర తిరిగి జారిపోతుంది. తియ్యాలంటే మాత్రం ఏ ఒక్క కొక్కెం లాగినా చాలు. కొక్కేలు మా గోడ గూట్లో ఉంటాయి, తెలియనివాడికి కనబడవు. బయటివాళ్ళు వస్తే నువ్వు బావను కేకేస్తావు, లేదా బావ నిన్ను కేకేస్తాడు. ఇద్దరూ కలిసి వేస్తారు."

"వాళ్ళు రామంటే?" అన్నాడు తమ్ముడు.

"గడియ పడదు."

"ఇదేం గేటు! నేను ఇంకో వెల్డరు దగ్గర చేయించుకుంటా."

"చేయించుకో. వాడూ బాగానే చేస్తాడు. కానీ ఒక పక్క స్తంభం పాతినా, రెండో పక్క గేటు తిరిగే బందులు దిగ్గొట్టడానికి గోడ కావాలి. సందు పైనుంచి కింది దాకా ఈ పక్క గోడంతా నాది. మేకు కూడా కొట్టనివ్వను."

అతను పళ్ళు నూరాడు. తెల్లారకముందే ఆసుపత్రికి వెళ్ళిన పెద్దక్క సరిగ్గా అప్పుడే తిరిగి వస్తోంది. చేతికి దూది అంటించి ఉంది. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తోంది. ఇద్దరు మగవాళ్ళూ సందుకు అడ్డంగా ఉన్నారు.

"ఏంట్రా, దారిలో ఈ పంచాయితీ? జరగండి." గీతలు చూసింది. ఆమెకు విషయం అర్థమైంది. తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, నన్ను ఎటువైపు ఉంచి వేద్దామనుకున్నావు?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు. షాపు స్టూలు మీద కూర్చుని, కూజాలోంచి కొలిచినట్టు రెండే గుక్కల నీళ్ళు తాగింది. అంతకంటే తాగకూడదు ఆమె. తమ్ముడు అది చూశాడు. రవ్వలక్క వైపు తిరిగాడు.

"ఆ స్ప్రింగు గట్టిదేనా అక్కా? సాగిపోదు కదా?"

"లారీ కమాను పట్టీ కోసి చేస్తాను. నీ తర్వాత కూడా ఉంటుంది."

ఆ రోజునుంచి షాపులో వేరే పని ఏదీ పెట్టుకోలేదు. చట్రానికి మూలమట్టం పెట్టి నాలుగు మూలలూ సరిచూసింది. మొదటి స్ప్రింగు మెత్తగా వచ్చింది. ఒక్క కొక్కేనికే గడియ ఆగిపోయింది. అలా ఆగితే మొత్తం పని దండగే. దాన్ని పక్కన పారేసి మందమైన పట్టీతో ఇంకొకటి వంచింది. ఎగువ వీధిలో ఒకాయన వచ్చి, దేశమంతా అంటుకోబోతుంటే నీ గేటు ఏం ఆపుతుందమ్మా అన్నాడు. "దేశం సంగతి నాకు తెలియదు బాబాయ్. తుప్పు ఇనుము తలరాత అని కూడా అంటారు. నీళ్ళు నిలిచే చోటే పడుతుందది. అక్కడ ఒక బెజ్జం వేస్తే నీళ్ళు పోతాయి. ఈ సందులో బెజ్జం ఎక్కడ వేయాలో నాకు తెలుసు" అని మాస్కు దించుకుంది.

బిగించిన రోజు రెండు వీధులవాళ్ళూ వచ్చారు. తమ్ముడు ముందు ఒంటరిగా ప్రయత్నించాడు. రెండు చేతులతో, మోకాలితో, భుజంతో. గడియ జారి ఖణేల్‌మని వెనక్కి కొట్టుకుంది. అవతల బావ పగలబడి నవ్వి తానూ ప్రయత్నించాడు. ఆయనకూ అదే మర్యాద జరిగింది.

"ఒరేయ్ బామ్మర్దీ, నువ్వు 'ఊ' అనరా!"

"ఊ!"

రెండు కొక్కేలూ ఒకేసారి పడ్డాయి. గేటు గోడలా నిలబడింది. మనుషులు తోశారు, కదల్లేదు. అప్పుడు రవ్వలక్క పెద్దక్కను ముందుకు పిలిచింది. ఆమె బక్కచేత్తో తనవైపు కొక్కెం లాగింది. గడియ వెనక్కి పోయి గేటు తెరుచుకుంది.

రవ్వలక్క బందుల్లో నూనె పోసి, గుడ్డతో చేతులు తుడుచుకుంది. నూనె డబ్బా బావ చేతిలో పెట్టి, గుడ్డ తమ్ముడి చేతిలో పెట్టింది.

"పని అయిపోయింది. తీసుకోండి."